బీరువాలో ఇరుక్కున్న చిన్నాన్న

మా చిన్నాన్నకి పాత సామాను కనబడితే చెయ్యి ఆగేది కాదు. ఎక్కడో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారని వింటే చాలు, అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తేవాడు. ఒక మంచం కొంటే దానికి జత లేదని ఇంకొకటి, జత దొరికాక ఆ రెండూ బిక్కుబిక్కుమంటున్నాయని మూడోది. పోనీ అమ్ముకుంటాడా అంటే అదీ లేదు. ఎవరైనా బేరానికొస్తే, పెళ్ళాన్ని అడిగినట్టు మండిపడేవాడు.

ఇల్లు ఎంత నిండిపోయిందంటే, గాలి కూడా పక్కకి తిరిగి లోపలికొచ్చేది. పిల్లికి తోక ఆడించాలనిపిస్తే వీధిలోకి వెళ్ళి ఆడించుకుని వచ్చేది.

ఒకరోజు మా పిన్ని పాలకి వెళ్ళి వచ్చేసరికి గుమ్మంలో ఓ సోఫా అడ్డంగా బిగుసుకుని ఉంది. చిన్నాన్న లోపలి నుంచే, సోఫా బాగుందా లేదా చెప్పమన్నాడు. పిన్ని పాలగిన్నె కిటికీలోంచి అందించి, తిన్నగా చర్చికి వెళ్ళిపోయింది. సండే స్కూలు గదిలో చాప వేసుకుంది. తనకి పడుకోవడానికి చోటు కనబడిన రోజు వస్తానని పాస్టరుగారితో కబురు పంపింది.

చిన్నాన్నకి పిన్నంటే ప్రాణం. ఆ కబురు విని, ఏ బల్ల మీద తల పెట్టుకుని ఏడవాలో తేల్చుకోలేక అన్నిటి మీదా కాస్త కాస్త ఏడ్చాడు. ఒక్కటైనా తీసేద్దామని మాత్రం తోచలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు దురాశ గురించి ప్రసంగం చేశారు. చేసినంతసేపూ చిన్నాన్నవైపే చూశారు. ఈయన కళ్ళు మూసుకుని, ముందు బెంచీకి నుదురు ఆనించి కూర్చున్నాడు. మనిషి కరిగిపోయాడని అందరూ సంతోషించారు. ప్రార్థన అయ్యాక ఈయన పాస్టరుగారి చెయ్యి పట్టుకుని, ఆ బెంచీ మంచి టేకు వాసన వేస్తోందనీ, అమ్మే ఉద్దేశం ఉంటే ముందు తనకే చెప్పమనీ అడిగాడు.

అప్పుడు తట్టింది ఉపాయం. వడ్రంగిని పిలిచి పెరట్లో ఓ బీరువా కట్టమన్నాడు. సామానంతా అందులో పెట్టేస్తే ఇల్లు ఖాళీ, పిన్ని ఇంటికొస్తుంది, సామానూ పోదు. వడ్రంగి కట్టాడు. అదెంత ఎత్తు లేచిందంటే, పైన మేకులు కొడుతుంటే వాడికి రేపు పడబోయే వాన కనబడిందట. తలుపు మాత్రం ప్రహరీగోడకి తగిలి సగమే తెరుచుకునేది.

చుట్టుపక్కలవాళ్ళు సామాను మోశారు. ఎవరైనా గీతలు పెడతారని చిన్నాన్నకి భయం. అందుకని తనే బీరువాలో వెనకగోడకి ఆనుకుని నిలబడి, ఇది ఇటు, అది అటు అని సర్దించాడు. ఆఖరి మంచం కూడా తలుపులోంచి దూరాక, ఆయన గొంతు తప్ప మనిషి బయటికి రాలేదు.

ఈలోపు పిన్ని వచ్చింది. ఖాళీ ఇంట్లో నడుమ నిలబడి నవ్వింది. ఆ నవ్వు గోడలకి తగిలి తిరిగొస్తే మళ్ళీ నవ్వింది. మోసినవాళ్ళందరికీ అన్నం వండి, నేల మీదే వరసగా కూర్చోబెట్టింది. పాస్టరుగారూ వచ్చారు. పాటలు మొదలయ్యాయి.

బీరువాలో చిన్నాన్నకి వంట వాసనా, పాటా రెండూ చెక్కసందులోంచి అందుతున్నాయి. వెనక చెక్క కోస్తానన్నాడు వడ్రంగి. టేకు చెక్క మీద రంపం పెడితే ఊరుకోనన్నాడు ఈయన. పెరట్లో బీరువా పోను చోటు లేదు, వీధిలో పెడితే గీతలు పడతాయని, సామాను కాసేపు ఇంట్లోకి మార్చమన్నాడు. పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఈ గడప లోపలికి ఒక్క మేకు వచ్చినా నేను మళ్ళీ చర్చికి పోతానండీ. ఎవరైనా వాళ్ళ ఇంటికి పట్టుకుపోయేటట్టయితే ఇవ్వండి. మీకు దారవుతుంది."

చిన్నాన్న చీకట్లో ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రభువా నన్ను బయటికి తియ్యి, సామాను జోలికి మాత్రం రాకు, అన్నాడు. జవాబు లేదు. సరే, ఓ స్టూలు వదులుకుంటానన్నాడు. జవాబు లేదు. కాళ్ళు విరిగిన స్టూలు కాదు ప్రభువా, మంచిదే, అన్నాడు. అవతల ఇంట్లో ఎవరో ఏదో అంటే పిన్ని పడీ పడీ నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో చిన్నాన్నకి గుర్తురాలేదు. దేవుడు దేనికీ బేరమాడటం లేదని మెల్లగా అర్థమైంది.

"పట్టుకెళ్ళండి," అన్నాడు లోపలి నుంచి. "మంచం ఎవరికి కావాలో పట్టుకెళ్ళండి."

మొదటి మంచానికి ప్రాణం పోయినంత పనయింది. రెండోదానికి మూలిగాడు. ఆ తర్వాత ఆయనకే తమాషాగా తోచి, ఏది ఎవరికి నప్పుతుందో చెబుతూ అందించాడు. మోకాళ్ళ నొప్పుల మనిషికి ఎత్తు కుర్చీ, కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి ఊయల. సోఫా అయితే దానంతటదే నడిచి వెళ్ళిందని వడ్రంగి ఇప్పటికీ చెబుతాడు.

చివరికి చిన్నాన్న తలుపు దాకా వచ్చాడు, చంకలో నిలువెత్తు గడియారంతో. ఆ సందులో తనూ గడియారమూ కలిసి పట్టడం లేదు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, ఊపిరి బిగబట్టాడు.

"బ్రదర్, ఎవరో ఒకరే రావాలి," అన్నారు పాస్టరుగారు. "మాకైతే మీరే కావాలి."

చిన్నాన్న పిన్ని మొహంలోకి చూశాడు. గడియారం వడ్రంగి చేతిలో పెట్టి బయటికొచ్చాడు.

నేల మీద కూర్చుని ఆవురావురుమని తింటుండగా జనం తిరిగొచ్చారు. తెచ్చుకున్న కుర్చీ మీద ఓసారి వచ్చి కూర్చోమని ఒకరు, మంచం వేశాం చూద్దువు రమ్మని ఇంకొకరు. చిన్నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

"ఇంట్లో అన్ని కుర్చీలున్నప్పుడు నన్ను కూర్చోమన్నవాడు ఒక్కడూ లేడే," అన్నాడు.

"కూర్చోవడానికి చోటెక్కడిదండీ," అంది పిన్ని, ఇంకాస్త అన్నం వడ్డిస్తూ.