ఫ్లెక్సీకి సరిపోయే మొఖం

సిద్దిరాములుకు కనుబొమ్మలు రెండు కావు, ఒక్కటే. ఎడమ కంటి కొస కాడ మొదలై కుడి కంటి కొస దాంక, నడుమ ఎక్కడ తెగకుండ, నల్లగ దట్టంగ ఉండేది. ఆత్మకూర్ పక్కన మా ఊర్లె ఆ పేరుతోటి ముగ్గురున్నరు గనుక ఈయనను కూడుబొమ్మల సిద్దిరాములు అనేటోళ్లు. యాభై రెండేండ్లు వచ్చినా, ఆ వెంట్రుకల గురించి ఆయన ఒక్కనాడు గూడ ఆలోచించలే. గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసుకుంట బతికేటోడు.

ఆయన సర్పంచ్‌గ నిలబడనీకి కారణం మోరి. వానకాలం వచ్చిందంటె మగ్గాల వాడ మోరి పొంగి, ఆ నీళ్లు మగ్గం గుంటలల్లకు దిగేవి. మురికినీళ్లల్ల కాళ్లు పెట్టుకొని పట్టు నేయాలె. మూడేండ్లు పంచాయతీ ఆఫీసు చుట్టు తిరిగిండు. "ఎవర్నో బతిమిలాడుడు ఎందుకు, నువ్వే నిలబడు" అన్నరు వాడోళ్లు. నామినేషన్ ఏసిండు.

నిలబడ్డంక ఫ్లెక్సీ ఉండాలె గద. ఆయన దోస్తు కిష్టయ్య ఏ ఎన్నికల నిలబడడు గని, ప్రతి ఎన్నికల సలహాలు చెప్తడు. ఆయనే పోయి ఆత్మకూర్ల శ్రవణ్‌కుమార్ దుకాణంల ఆరు ఫ్లెక్సీలు కొట్టిపిచ్చిండు. శ్రవణ్‌కుమార్‌కు ఎవరి మొఖమైనా ఒక్కటే. రంగు తేట చేస్తడు, ముడతలు తీస్తడు, మీసం నల్లగ చేస్తడు. అదే అలవాటుతోటి సిద్దిరాములు కనుబొమ్మల నడుమ వెంట్రుకలు గూడ తుడిచేసిండు.

బస్టాండ్ కాడ ఫ్లెక్సీ కట్టిన పొద్దుగాల మైసమ్మ అనే ముసలామె దాని కింద ఆగింది.

"ఎవరు బిడ్డా గీయన? మన ఊరి అల్లుడా?"

సిద్దిరాములు పక్కనే ఉండె. "నేనే అత్తా" అన్నడు.

ముసలామె ఫ్లెక్సీని చూసింది, ఆయనను చూసింది. "ఊకో, పరాష్కాలు ఆడకు" అనుకుంట పోయింది.

ఆయన మీద నిలబడ్డది ఎరువుల దుకాణం దయాకర్. ఈ ముచ్చట ఆయన చెవుల పడనే పడ్డది. పొద్దుమీకి మైకు పట్టుకున్నడు. "అన్నలారా, ఫ్లెక్సీ మీద ఒకడున్నడు. మీ ఇంటికొచ్చి దండం పెట్టేటోడు ఇంకొకడు. గెలిచినంక కుర్చీల ఎవడు కూసుంటడో జర అడిగి ఓటెయ్యండ్రి!"

ఊరంత నవ్వింది. కిష్టయ్య నవ్వలే, ఆలోచన చేసిండు. "ఫ్లెక్సీలు మార్చాలంటె ఆరు మార్చాలె. మొఖమైతె ఒక్కటే. మొఖమే మారుద్దాం" అన్నడు.

"నీకు దిమాక్ ఉన్నదా?" అన్నడు సిద్దిరాములు.

"ఎన్నికలల్ల దిమాక్ ఎవరు చూస్తున్నరు?"

సిద్దిరాములు బిడ్డ అఖిల షాద్‌నగర్ల ఒక కంపెనీల నౌకరి చేస్తది. ఎన్నికలని సెలవు పెట్టి వచ్చింది. ఆమె గూడ కిష్టయ్య దిక్కే మాట్లాడింది. "ఐదు నిమిషాల పని నాయినా. జేబా కాడికి తీస్కపోత." జేబా ఆమెతోటి డిగ్రీ సదివిన పిల్ల, ఆత్మకూర్ల బ్యూటీ పార్లర్ పెట్టుకున్నది.

పార్లర్ తలుపు మీద 'ఆడవాళ్లకు మాత్రమే' అని రాసి ఉన్నది. గిరాకీ లేని మధ్యాహ్నం చూసి, తలకు తువ్వాల చుట్టుకొని, సిద్దిరాములు బిడ్డ ఎనుక దొంగ లెక్క లోపలికి పోయిండు.

"సలాం కాకా, గీ కుర్చీల కూసోండ్రి" అన్నది జేబా. రీలు నుంచి దారం గుంజి, ఒక కొస పండ్ల నడుమ పట్టుకొని, వేళ్లకు మెలేసుకొని ముందుకు వంగింది. సిద్దిరాములు చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఆగు బిడ్డా. గిది ఎన్నో నంబర్ నూలు?"

"నాకేం తెలుసు కాకా, దుకాణంల దొరికింది."

ఆయన దారాన్ని వేళ్ల నడుమ నలిపి చూసిండు. "పురి చాలలే. తెగుతది."

రెండో గుంజుడుకే తెగింది. జేబా నవ్వి, ఈసారి ఆయన పురి ఎక్కిచ్చి ఇచ్చిన దారంతోటే పని మొదలుపెట్టింది. అది తెగలే. వెంట్రుకలు మాత్రం కుదుళ్లతోటి వచ్చినయి. "అవ్వో!" అని కేకేసిండు సిద్దిరాములు. కండ్లెంబడి నీళ్లు బొటబొట కారినయి. సరిగ్గ అప్పుడే మా ఊరి ఇంటర్ పిల్ల స్నిగ్ధ పరదా తీసింది. లోపలి మనిషిని చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, రెండో చేత్తోటి ఫోటో కొట్టింది.

వీళ్లు ఆటో దిగే లోపల ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపుల ఉన్నది. కిష్టయ్య ఫికర్ చెయ్యలే. జేబా చేతులు, దారం కనపడకుండ ఫోటో కత్తిరిచ్చి, 'ప్రజల కష్టాలు తల్సుకొని కన్నీళ్లు పెట్టుకున్న సిద్దిరాములన్న' అని రాసి మల్ల పెట్టిండు. దయాకర్ మనుషులు చేతులున్న ఫోటో పెట్టిండ్రు. చేతులున్నది నిజమా, లేనిది నిజమా అని గ్రూపుల రెండు దినాలు కొట్లాట నడిచింది.

ఇంట్ల యాదమ్మ పొయ్యి కాడి నుంచి తలెత్తి మొగుని మొఖం చూసింది. నవ్వుతదేమో అనుకున్నడు. నవ్వలే.

"నీకు కోపమొస్తె గక్కడనే ముడి పడేది. గా ముడి చూసుకొని ముప్పై ఏండ్లు కాపురం చేసిన. ఇగ కోపమొచ్చిందో లేదో నాకెట్ల ఎరుకైతది?"

సిద్దిరాములు ముక్కు పైన తడుముకున్నడు. "నాకు గూడ ఇంట్ల సామాను పోయినట్టే ఉన్నది" అన్నడు.

తెల్లారి ప్రచారానికి పోయిండు. ఏ వాకిట్లె నిలబడి మోరి గురించి చెప్పినా, జనం ఆయన నొసలు దిక్కే చూసిండ్రు. "నొప్పి లేసిందా?" "మల్ల మొలుస్తదా?" అని అడిగిండ్రు. నర్సింగమ్మ అయితె కొంగు నడుముకు దోపుకొని అందరి ముంగట చెప్పింది. "మా ఆయన గడ్డం గీసుకొమ్మంటె నెల దాటిస్తడు. గీయన ఆడోళ్ల నొప్పి పడి చూసిండు. నా ఓటు గీయనకే."

ఆడోళ్ల ఓట్లు జారుతున్నయని దయాకర్‌కు గుబులు పట్టింది. ఆయన కనుబొమ్మలు ఎన్నడు కలవలే, అయినా తీర్చిదిద్దిపిచ్చుకుందామని మంగలి షాపుకు పోయిండు. ఫోన్ల మాట్లాడుకుంట తల తిప్పిండు, కత్తి జారింది, కుడి బొమ్మ సగం పోయింది. ఆనాటి నుంచి నల్లద్దాలు తియ్యలే. "కండ్లు దాసుకునేటోడు ఇంకేం దాస్తడో" అన్నరు జనం.

సిద్దిరాములు ఇరవై మూడు ఓట్లతోటి గెలిచిండు. కిష్టయ్య ఆయన మెడల దండ ఏసి, తన మెడల గూడ ఒకటి ఏసుకున్నడు. డప్పులు మోగుతుంటె సిద్దిరాములు బిడ్డను పక్కకు పిలిచిండు.

"మోరి కోసం ఎందరు ఏసిండ్రు, మొఖం కోసం ఎందరు ఏసిండ్రు?"

"గది ఓటు మీద రాయరు నాయినా" అన్నది అఖిల.

మొదటి గ్రామసభల మోరి పనిని ఒకటో అంశంగ పెట్టిండు. ఎంత లోతు, ఎన్ని రోజులు అని లెక్కలన్ని కాయితం మీద రాసుకొని పోయిండు. ఎవరు ఒక్క మాట అడగలే. రెండు నిమిషాలల్ల చేతులెత్తిండ్రు, అయిపోయింది. ఆయన కాయితం మడిచి జేబుల పెట్టుకునే లోపల నర్సింగమ్మ లేసింది.

"సర్పంచ్ సాబ్, ఆత్మకూర్ పోయిరానీకి ఆటో కిరాయి మస్తు అయితున్నది. గా జేబాను వారానికొకసారి మన ఊర్లెకే పిలిపియ్యరాదు?"

అప్పుడు మొదలైంది సభ. ఏ వారం, ఏ జాగా, పంచాయతీ ఆఫీసు ముందర అర్రనా, అంగన్‌వాడీనా, దారం ఎవరు తేవాలె అని గంట సేపు లొల్లి. ఎనుక వరుసల నల్లద్దాలు కొద్దిగ పైకి లేసినయి. దయాకర్ గొంతు సవరిచ్చుకున్నడు.

"మగోళ్లకు గూడ ఒక టైం పెడితె బాగుంటది" అన్నడు.

ఎవరు నవ్వలే. అవునన్నట్టు చాన తలలు ఊగినయి. సిద్దిరాములు కొద్దిసేపు అందరి మొఖాలు చూసి, సెక్రటరీ దిక్కు తిరిగిండు.

"రాయి సార్. మగోళ్లకు మధ్యాహ్నం రెండు నుంచి మూడు."