నేల తాకిన గుండీ

"ఒరేయ్, ఆ జాకీ దిగుతుందిరా. నా మాట విని ఇవాళ బండి కిందికి దూరకు."

కొడుకు విననట్టే స్పానర్లు తుడుచుకుంటున్నాడు. అప్పటికి కార్లు బాగుచేసే ఆ షెడ్డులో ఏ కారూ జాకీ మీదికి లేవలేదు. ఇవాళ వస్తుందన్న కొత్త జాకీ ఇంకా రానేలేదు. అయినా తల్లికి పొద్దున్నే అదే దిగులు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడు దగ్గరే ఆగిపోతుంది, మేలు దాకా ఎప్పుడూ పోలేదు.

షెడ్డు ముందు మూలలో ఆమె కుట్టుమిషను ఉంది. కార్లకి సీటు కవర్లు కుడుతుంది. ఆ మూలకి అద్దె లేదు. "నీ కొడుకు ఇక్కడ పనిచేసినన్నాళ్ళూ నీ మిషను ఇక్కడే ఉండనీ అక్కా," అన్నాడు యజమాని. మంచి మాటే. కానీ ఆ మాటకి రెండో కొస ఒకటుందని తల్లికీ తెలుసు, కొడుక్కీ తెలుసు.

ఎవరైనా బండి కిందికి దూరితే చాలు, పెడలు మీద ఆమె కాలు ఆగిపోతుంది. మనిషి బయటికొచ్చాకే మళ్ళీ చక్రం తిరుగుతుంది.

"ఈవిడ మిషను ఆగిందంటే ఎవడో లోపలికి పోయినట్టే. ఇట్లా అయితే ఏడాదికి నాలుగు కవర్లు కుడుతుంది," అని నవ్వుతాడు మూడువేళ్ళ మేస్త్రి. అతని ఎడమచేతికి మిగిలినవి మూడే. తక్కిన రెండూ పాత జాకీ దిగిపోయిన రోజున పోయాయి. యజమాని పలకరించడానికొచ్చి చేతిగడియారం ఇచ్చాడు. మేస్త్రి దాన్ని ఆ చేతికే పెట్టుకుంటాడు. "రెండు వేళ్ళిచ్చి టైము కొనుక్కున్నా," అంటాడు. ఆ నవ్వు విన్నప్పుడల్లా ఆమె కొడుకు వేళ్ళ వంక చూస్తుంది.

కాసేపటికి సామాన్ల దుకాణం వాడు రెండు ట్రాలీ జాకీలు తెచ్చి దించాడు. మధ్యాహ్నం దాకా వాడి చూసి నచ్చింది ఉంచుకోమన్నాడు. ఎర్రది ఒంటిచేత్తో లేచింది, ఐదు వేలు. నల్లదాన్ని ఇద్దరు పట్టాల్సి వచ్చింది, పద్దెనిమిది వేలు. కొడుకు నల్లదాన్ని ఒక బండి కింద పెట్టి ఎత్తి, దించి చూశాడు. నిద్రపోయే పసిబిడ్డని పక్కలో పడుకోబెట్టినట్టు దించింది అది. అతని ముఖం విచ్చుకోవడం తల్లి చూసింది.

యజమాని ఎర్రదాన్ని కాలితో తట్టాడు. "రెండూ రెండేసి టన్నులు ఎత్తుతాయి. ఇంక తేడా ఏముంది? మిగిలిన డబ్బుతో ముందుగదిలో ఏసీ పెట్టిద్దాం. వచ్చినవాళ్ళు చెమటలు కక్కుతున్నారు."

"కింద పడుకునేవాడికి చెమట పట్టదా సార్?" అన్నాడు మేస్త్రి.

"కింద నేల చల్లగా ఉంటుందయ్యా!"

అందరూ నవ్వారు. మేస్త్రి మాత్రం వదల్లేదు. "జాకీ ఏదైనా, పక్కన బండికి ఊతంగా స్టాండ్లు ఉండాలి సార్. మనవి మీ రెండో షెడ్డుకి పోయినవి మళ్ళీ రాలేదు."

"వస్తాయిలే. అందాకా బండి కింద పాత టైరు తోసుకోండి."

ఎర్ర జాకీ మీద ఒక కారు లేచింది. గేర్‌బాక్సు దించాలి. కొడుకు దూరాడు, మిషను ఆగింది. దూరేటప్పుడు సులువుగానే పోయాడు. వచ్చేటప్పుడు చొక్కా గుండీల దగ్గర కారు అడుగు రాసుకుని నల్లటి చార పడింది. అతను చార చూసుకున్నాడు, జాకీని చూశాడు, చేత్తో దులిపేసుకున్నాడు.

"మిగతా పని తిన్నాక," అన్నాడు మేస్త్రి. కారు అట్లాగే పైన ఉంది.

అందరూ చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళగానే తల్లి లేచింది. కారు ముందు బంపరుకి గట్టి దారం కట్టి, కొసకి ఒక తెల్ల గుండీ వేలాడదీసింది. నేలకి తగలకుండా, గోరు దూరేటంత సందు వదిలింది. తర్వాత గిన్నె మూత తీసి కూర్చుంది గాని, చూపంతా గుండీ మీదే.

వాళ్ళు తిని వచ్చేసరికి గుండీ నేలమీద పక్కకి ఒరిగి పడుకుని ఉంది. దారం వదులైంది.

"చూడరా," అంది.

కొడుకు చూశాడు. ఈలోగా యజమాని వచ్చాడు, వెనకే దుకాణం వాడు. ఇన్నాళ్ళూ ఆమె భయాలన్నీ కొడుకు చెవిలోనే. యజమానితో చెప్పడం అదే మొదలు.

"దిగింది బాబూ. ఇందాక గుండీ గాల్లో ఉంది."

యజమాని వంగి చూసి పకపకా నవ్వాడు. "దారం సాగిందక్కా, జాకీ కాదు."

"సీటు కవరు దారం సాగుతుందా బాబూ? సాగితే నా కుట్లన్నీ ఎప్పుడో ఊడిపోయేవి."

"అయితే ముడి జారి ఉంటుంది. నీ భయానికి గుండీ సాక్ష్యమా?" చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. గడియారాన్ని మణికట్టు చుట్టూ తిప్పుకుంటున్నాడు.

"సరే, వాదనెందుకు?" అన్నాడు యజమాని. "కింద దూరేది నీ కొడుకేగా, వాణ్ణే అడుగుదాం. ఏరా, ఇది బాగానే ఉందా? ఉందంటే ఐదు వేలిచ్చి ఈయన్ని పంపించేస్తా. దూరు మరి. బండి ఓనరు వచ్చే వేళైంది."

కొడుకు కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పడుకునే అట్ట పరిచే ఉంది. అతను మూలనున్న మిషను వైపు చూశాడు. సూది కింద సగం కుట్టిన కవరు వేలాడుతోంది.

ఆ చూపు ఎటు పోయిందో తల్లి గమనించింది. ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది ఆమెని. వీడు కాదంటే రేపు ఈ మిషను ఎక్కడ పెట్టుకోవాలి? ఇద్దరూ ఏం తినాలి? 'బాగానే ఉందనరా' అనబోయింది. ఆ మాట పెదాల దాకా వచ్చింది గాని, వాడి చొక్కా మీది నల్లచార చూసి ఆగిపోయింది.

దుకాణం వాడు నల్ల జాకీని తీసుకుపోవడానికి దాని హ్యాండిలు పట్టుకున్నాడు. ఎవరో కుళాయి సరిగ్గా కట్టలేదు, వెనక నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏరా, నిన్నే! నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

కొడుకు స్పానరు అట్ట మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"దిగుతోంది సార్," అన్నాడు. "పొద్దున కూడా దిగింది. నేను దూరను."