గీత గీసిన సీసా

"ఆ అమ్మాయి మీద ఒక కన్నేసి ఉంచండి" అంది మేడమ్, తలుపు దగ్గరగా వేసి. "నాకెందుకో ఆ ఫొటోలు నమ్మబుద్ధి కావట్లేదు."

మా ల్యాబ్‌కు ఆమె పెద్ద. సీసాలు కడిగి, ద్రావణాలు కలిపి, గాజు పలకలు సర్దే అసిస్టెంటును నేను. ఆ అమ్మాయి మా దగ్గర పరిశోధన చేసే విద్యార్థిని. మనిషి పొడుగు కాబట్టి అందరూ పొడుగమ్మాయి అంటారు. నన్ను ఆమె బాబాయ్ అంటుంది.

ఆమె పని కండరాల కణాల మీద. కణం లోపల ఆక్టిన్ అనే సన్నని పోగులుంటాయి. కణానికి ఆకారం నిలబెట్టేవీ, కండరం బిగిసేటప్పుడు లాగుడుకు ఆసరా అయ్యేవీ అవే. ఆ పోగుల్ని అతికే ప్రోటీన్లు కొన్ని, చివరలకు మూత పెట్టేవి కొన్ని, పాతబడ్డవాటిని కత్తిరించేది కోఫిలిన్. పోయిన మా ఆవిడ బట్టలు కుట్టేది కనుక నాకిది సులువుగానే బుర్రకెక్కింది. కత్తెర తెగని కుట్టుగదిలో ఎంత గుడ్డ ఉన్నా చొక్కా తయారు కాదు. చెయ్యెత్తి తల దువ్వుకోలేని ఒక రోగి కండరం నుంచి పెంచిన కణాల్లో ఈ కత్తెరే మొద్దుబారిందనీ, పోగులు కట్టెల మోపుల్లా పేరుకుపోయాయనీ పొడుగమ్మాయి ఆర్నెల్ల క్రితం చూపించింది. ఎర్రరంగు పట్టించి తీసిన ఆ ఫొటోలు చూస్తే రెప్ప వేయబుద్ధయ్యేది కాదు.

అదే ప్రయోగం ఇప్పుడు మళ్ళీ చేస్తే పోగూ లేదు, మోపూ లేదు. ఎర్రటి మసక. మూడు వారాల్లో ఆరుసార్లు అదే వరస.

"శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే మొదటివి కల్పించిన ఫొటోలని పైకి రాయాల్సిందే. తన సీటు పోతుంది" అంది మేడమ్. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ. ఆ ఫొటోల కింద ఆమె పేరు కూడా ఉంది.

అనుమానం పెనుభూతం అంటారు. మరునాటి నుంచి ఆ పిల్ల తుమ్మినా నాకు తేడాగానే వినిపించింది. ఫోను మోగితే వెనక మెట్ల మీదికి పోయి మాట్లాడేది. ఎన్నడూ లేనిది సొరుగుకు తాళం వేసేది. నేను లోపలికి వస్తే నోట్‌బుక్ మూసేది. మనసు మాత్రం ఒప్పుకునేది కాదు. నా కళ్ళజోడు కాడ ఊడితే కూర్చుని దారం చుట్టి పెట్టిన పిల్ల ఆమె. ఫిక్సర్, అంటే కణాల్ని గాజు మీద ఉన్నవి ఉన్నట్టు నిలిపే ద్రావణం, దాని కోసం వారం వారం ఘాటైన పొడిని నీళ్ళలో కాచి కళ్ళు ఎర్రగా చేసుకునేది. చూడలేక ఆమధ్య, "ఇక నువ్వు కాచొద్దు తల్లీ, నేను చూసుకుంటా" అన్నాను. పక్క గదిలో కళ్ళు మండని ఫిక్సర్ తయారుగా ఉంటే అది తెచ్చి ఆమె సీసా నింపుతున్నాను. ఇంత చేస్తే ఆమె చేస్తున్నది ఇదా అని లోలోపల బాధ.

బుధవారం సీసాలు తుడుస్తుంటే ఇంకొకటి కంటబడింది. ద్రావణం ఎంతవరకుందో అక్కడికి ప్రతి సీసా మీదా పెన్నుతో సన్నటి గీత. అంటే ఆమె కూడా ఎవరినో కనిపెడుతోంది.

"ఈ గీతలేంటి తల్లీ?"

"ఎవరైనా ముట్టుకుంటున్నారేమోనని, బాబాయ్."

"ఎవరు ముట్టుకుంటారు? గదిలో ఉండేది మనిద్దరమేగా?"

"అందుకేగా పేరు చెప్పట్లేదు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు రుచించలేదు.

గీత లేనిది ఒక్క ఫిక్సర్ సీసాకే. దాన్నెందుకు వదిలేసిందో అంతు పట్టలేదు.

గురువారం ఆమె భోజనానికి వెళ్ళగానే నా దగ్గరుండే రెండో తాళంచెవితో సొరుగు తీశాను. చెప్పుకోవడానికి సిగ్గే. నోట్‌బుక్‌లో మొదటి పేజీ నుంచి ప్రతి ప్రయోగం తేదీతో సహా ఉంది. చివరి పేజీలో ఓ జాబితా.

'రంగు: కొత్తది తెప్పించి చూశాను, కాదు. కణాలు: మళ్ళీ పెంచాను, కాదు. మైక్రోస్కోపు: కాదు. గాజు పలకలు: కాదు. ఫిక్సర్: బాబాయ్ చేస్తున్నారు. చూడక్కర్లేదు.'

స్టూలు లాక్కుని కూర్చున్నాను. తేదీలు వెనక్కి తిప్పాను. పోగులు మాయమైంది నేను సీసా నింపడం మొదలుపెట్టిన సోమవారమే. దొంగను వెతికేవాడు ముందు తన జేబు తడుముకోవాలని మా ఆవిడ అనేది.

పక్క గది అసిస్టెంటు బట్టతలాయన టీ తాగుతున్నాడు.

"నువ్విచ్చే ఫిక్సర్‌లో ఏముంది?"

"మిథనాల్, గురూ. మేం చూసే ప్రోటీన్లకు అది చాలు."

"ఆక్టిన్‌కు?"

"అయ్యో, దాంట్లో ఆక్టిన్ ఆకారమే చెడిపోతుంది. ఇక మీ ఎర్రరంగు దేన్ని పట్టుకుంటుంది?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా! కళ్ళు మండనిది కావాలన్నావు, ఇచ్చాను."

పొడుగమ్మాయి రాగానే వెంటబెట్టుకుని మేడమ్ గదికి వెళ్ళాను. ఇద్దరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇన్నేళ్ళ సర్వీసుండి ఫిక్సర్లన్నీ ఒకటే అనుకున్నారా?" అంది మేడమ్.

"అనుకున్నాను మేడమ్. అడగాల్సింది."

"గదిలో కొత్త ఫ్యాను పెట్టారుగా, అందుకే ఫిక్సర్ ఘాటు తగ్గిందనుకున్నా" అంది పొడుగమ్మాయి మెల్లగా. నావైపు తిరిగింది. "నా సొరుగు తీశారా బాబాయ్?"

"తీశాను."

తల తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

శుక్రవారం పొద్దున్నే పొడి తూచి, కాచి, వడగట్టాను. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. మధ్యాహ్నానికి చీకటి గదిలో మైక్రోస్కోపు ముందు ముగ్గురం నిలబడ్డాం. తెర మీద నల్లని నేపథ్యంలో ఎర్రటి పోగులు, వాటి మధ్య అవే మోపులు. మేడమ్ చాలాసేపు చూసి, "పైకి రాసే పని లేదు" అని, పొడుగమ్మాయి భుజం తట్టి వెళ్ళిపోయింది.

పొడుగమ్మాయి ఫోను తీసుకుని వెనక మెట్ల మీదికి నడిచింది. తలుపు తెరిచే ఉంచింది. "ఇన్నాళ్ళూ అంతా బాగుందని అబద్ధమే చెప్పానమ్మా. ఇవాళ నిజంగానే బాగుంది" అనడం వినబడింది.

తిరిగొచ్చి, నేను చేసిన ఫిక్సర్ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. పెన్ను తీసి దాని మీద కూడా గీత గీసింది. ఓరగా నావైపు చూసింది.

"ఇంకొంచెం లావుగా గియ్యి తల్లీ, నాకు చూపు ఆనదు" అన్నాను.

గీసింది.