వెల్డా కోసం అతుకుల్లేని గోడ

మా తమ్ముడు డెల్మర్‌కి అరవై దాటాక ప్రేమ పుట్టింది. పుట్టిందేదో మా ట్రైలర్ పార్కులోనే ఎవరి మీదో పుట్టొచ్చు కదా, ఇటుక ఇంటి ఆవిడ మీద పుట్టింది. వెల్డా మా చర్చిలో పియానో వాయిస్తుంది. భర్త పోయి నాలుగేళ్లయింది. వీడు పెళ్లి మాటెత్తితే ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది.

"నువ్వంటే నాకిష్టమే డెల్మర్. కానీ ఆ పట్టీల గోడల మధ్య మాత్రం ఉండలేను. చెక్కపెట్టెలో సామానుతో పాటు నన్నూ సర్దేసినట్టుంటుంది."

ఆవిడన్నది అబద్ధం కాదు. మా ట్రైలర్ పార్కులో అన్నీ లారీ లాక్కొచ్చి సిమెంటు దిమ్మల మీద దింపిన ఇళ్లే. లోపల గోడలన్నీ పలకలు. రెండు పలకలు కలిసిన ప్రతిచోటా అతుకు కనపడకుండా పైనుంచి కిందదాకా ఒక చెక్క పట్టీ కొట్టి ఉంటుంది. నాకది పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటే. ఆదివారం చర్చి అయ్యాక వస్తాననీ, వాడింటి గోడలు చూశాకే మాటిస్తాననీ వెల్డా అనేసరికి మావాడికి పూనకం వచ్చింది.

పట్టీలన్నీ పీకి పెరట్లో పీపాలో వేసి తగలబెట్టాడు. అతుకుల మీద టేపు అంటించి, పుట్టీ పట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పట్టి, మళ్లీ రుద్ది, వారమంతా పిండిమరలోంచి వచ్చినవాడిలా తిరిగాడు.

నేను మొదట్లోనే మొత్తుకున్నాను. "ఒరే, ముందు ఇల్లు మట్టం చేసుకోరా. వానలకి నేల మెత్తబడి దిమ్మలు కుంగాయి. వంటింట్లో బఠాణీ గింజ పడితే స్నానాలగది దాకా దొర్లుతోంది. రేపు ఇల్లు పైకి లేపడానికి కింద జాకీ పెట్టావంటే నీ పుట్టీ అంతా నోరు తెరుస్తుంది."

"వెల్డా గోడలు చూస్తానంది అక్కా, ఇంటి కింద పాకుతానందా?"

"ముందు జాకీ, తర్వాత పుట్టీ అని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు."

"పసిపిల్లలకి పెళ్లి తొందర లేదులే."

నేను రంగు బ్రష్ అందుకున్నాను. నిజం చెప్పొద్దూ, పని ముచ్చటగా వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెన్నరంగులో ఒక్కటే గోడ. శనివారం వాడు దాన్ని అరచేత్తో నిమురుతూ నిలబడితే నాకు కళ్లు చెమర్చాయి. పెళ్లాం వదిలేసి వెళ్లాక వాడు ఏ పనీ అంత ఇష్టంగా చెయ్యగా నేను చూడలేదు.

ఆదివారం వెల్డా నీలం గౌనులో వచ్చింది. గోడ పొడుగునా వేలు రాసుకుంటూ నడిచింది. వేలు ఎక్కడా తట్టుకోలేదు. "డెల్మర్!" అంది. ఆ ఒక్క పిలుపుతో మావాడు సగం పెళ్లికొడుకైపోయాడు.

నేను చేసిన కొబ్బరి కేకు సగం తిని, ఆవిడ స్నానాలగదికి వెళ్లింది. తలుపు వేసింది. అది తెరుచుకుంది. మళ్లీ వేసింది. మళ్లీ తెరుచుకుంది.

"డెల్మర్, ఈ గడియ పడట్లేదేంటి?"

ఇల్లు ఒరిగితే గుమ్మమూ ఒరుగుతుంది, ఇక గడియెక్కడ పడుతుంది? మావాడు నా మొహం చూశాడు. నేను కళ్లురిమాను. "వద్దురా. బయట నిలబడి తలుపు నేను పట్టుకుంటాను."

"నువ్వు కాపలా కాస్తుంటే ఆవిడకేం బావుంటుందే!" అని, "ఒక్క నిమిషం వెల్డా!" అంటూ చర్చి ప్యాంటుతోనే బయటికి పరిగెత్తి, ఇంటి చుట్టూ కట్టిన రేకు తప్పించి కిందకి దూరిపోయాడు.

జాకీ కిర్రుమంది. నేల కాస్త లేచింది. టప్! సోఫా వెనక గోడ నిలువునా పగిలింది. వెల్డాకి వినపడకుండా నేను గట్టిగా దగ్గాను. టప్! కిటికీ పక్కన. ఇంకా గట్టిగా దగ్గాను. టప్, టప్, టప్! నేనొక్కదాన్ని ఇంటికంతా సరిపడా ఎక్కడ దగ్గను? పుట్టీ పెచ్చులు రాలి కేకు మీద పడ్డాయి.

"ఓపల్ వదినా, ఒంట్లో బాలేదా?" అంది వెల్డా లోపల్నుంచి. అంతలో గడియ టక్కున పడింది.

ఆవిడ బయటికొచ్చేసరికి డెల్మర్ గుమ్మంలో ఉన్నాడు. మోకాళ్లకి మట్టి, జుట్టు నిండా సాలెగూడు. పట్టీ పీకిన ప్రతిచోటా ఒక పగులు. అన్నీ చూసి కుర్చీలో కూలబడ్డాడు. వాణ్ని తిట్టడానికి వారం నుంచి బోలెడు మాటలు దాచుకున్నాను. అవన్నీ పక్కనపెట్టి వాడి జుట్టులో సాలెగూడు దులిపాను.

వెల్డా గోడలు చూసింది. వాడి ప్యాంటు చూసింది. వెనక్కి వెళ్లి స్నానాలగది తలుపు వేసి తీసింది, వేసి తీసింది.

"మా ఇటుక ఇంట్లో స్నానాలగది తలుపు గడియ నేను కాపరానికొచ్చిన రోజు నుంచీ పడదు," అంది. "ఎప్పుడు చెప్పినా మా ఆయన 'కాలు అడ్డం పెట్టుకో' అనేవాడు. పోయేదాకా అదే మాట. ఇప్పటికీ కాలు అడ్డం పెట్టుకునే కూర్చుంటున్నా."

"గోడలు..." అన్నాడు డెల్మర్.

"పట్టీలు లేవుగా. నేను వద్దన్నది పట్టీల్ని." కూర్చుని, కేకు మీది పుట్టీ పెచ్చు తీసి పక్కన పెట్టింది. నేనక్కడ లేనట్టే అడిగింది, "పడగ్గది తలుపు పడుతుందా?"

మావాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఇప్పుడు పడుతుందనుకుంటా."

నేను సంచీ అందుకుని, ఎవరూ పొమ్మనకుండానే మా ఇంటికి బయల్దేరాను.