కరెంటుకు పార్టీ ఉంటాదా

మా ఆయన ఆనందయ్య ఊళ్లో సైన్సు అయివారు. ప్రొద్దుటూరు పోయినవాళ్లు బట్టలో బంగారమో తెచ్చుకుంటే ఈయన ఉపన్యాసాల వీడియో క్యాసెట్లు తెచ్చేవాడు. ఎండిపోయే నదులు, రోగాలు, ఆకలి. మా బాధలు మాకు చాలవన్నట్టు లోకం బాధలన్నీ ఇంటికి మోసుకొచ్చి, చూస్తూ కళ్లు తుడుచుకునేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒక క్యాసెట్ మాత్రం నన్నూ కూర్చోబెట్టింది. అందులో ఒక పెద్దాయన నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి చెప్తూ మోకాళ్లు వంకర్లు పోయిన పిల్లలను చూపించాడు. మా బిడ్డ ప్రేమకుమారి కాళ్లు అప్పటికే అట్లా తిరుగుతున్నాయి. అంతా మా బోరు నీళ్ల పుణ్యమే. మైలవరం డ్యాము నీళ్లు తెచ్చి ట్యాంకు కడతామని ఆఫీసర్లు ఎప్పుడో అన్నారు. పైవీధి రెడ్డి, కిందవీధి రెడ్డి ఇద్దరూ ఒక చోటికి ఒప్పుకుంటే చాలన్నారు. వాళ్లవి వేరువేరు పార్టీలు, పాత కక్షల్లో ఇరువైపులా లేచిన సమాధులు.

రెండు వీధులవాళ్లూ వచ్చి కూర్చోగలిగే చోటు మా చర్చి ఆవరణ ఒక్కటే. మా కాలనీవాళ్లు ఏ పార్టీలోనూ చేరకుండా రెండు వీధుల్లోనూ కూలికి పోయేవాళ్లు కదా. మా ఆయన జమ్మలమడుగులో అబ్దుల్ సత్తార్ దగ్గర టీవీ, వీసీఆర్, మైకు, ఫోకస్ లైటు అద్దెకు తెచ్చాడు. చర్చికి అప్పటికి కరెంటు లేదు. పక్కనే ఉన్న పైవీధి రెడ్డి పశువుల కొట్టం నుంచి వైరు లాగుతానన్నాడు. నేను వద్దని మొత్తుకున్నాను. అగ్గిపెట్టె కొన్నా ఏ పార్టీ అంగట్లో కొన్నావని అడిగే ఊరు ఇది, జనరేటర్ తెచ్చుకోమన్నాను.

“కరెంటుకు గూడా పార్టీ ఉంటాదా దీవెనా?” అని నవ్వాడు. అంత చదువుకున్న మనిషి నా మాట ఎందుకు వింటాడు?

పొద్దుగూకే వేళకు ఇద్దరు రెడ్లూ మనుషులతో వచ్చారు. ఆదివారం ఆడా మగా విడిగా కూర్చునే చోట ఆ సాయంత్రం పార్టీలు విడిగా కూర్చున్నాయి. బొమ్మ మొదలయ్యాక ఎవరూ బీడీ కూడా వెలిగించలేదు. పిల్లవాడి మోకాళ్లు చూపించిన చోట కిందవీధి రెడ్డి క్యాసెట్ వెనక్కి తిప్పమని మళ్లీ చూశాడు. ఆయన మనవడికీ అదే తెగులని మాకు అప్పుడే తెలిసింది. నిజం చెప్తాను, ఆ సాయంత్రం నేను ఆశపడ్డాను. ప్రేమ నా ఒళ్లోనే ఉంది.

బొమ్మ అయిపోయాక పైవీధి రెడ్డి లేచి మైకు అందుకున్నాడు. “ట్యాంకు యాడన్నా కట్టుకోండి అయివారూ. పిల్లోళ్ల కాళ్లు బాగుంటే సాలు.”

తర్వాత కిందవీధి రెడ్డి లేచాడు. అప్పటికి బాగా చీకటి పడింది. పెద్దమనిషి ముఖం అందరికీ కనపడాలని మా ఆయన మర్యాదకు ఫోకస్ లైటు వేశాడు.

“మేము గూడా…” అని రెడ్డి నోరు తెరిచాడు. టీవీ, మైకు, లైటు అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

ఆ లోడుకు ఫ్యూజు పోయింది. మా ఆయన పిల్లలకు ఏటా చెప్పే పాఠమే. ఫ్యూజు పోయిందప్పా, ఫ్యూజు అని గొంతు పోయేలా అరిచాడు. నా తమ్ముడు మోషేను ఫ్యూజు తీగ చుట్టి రమ్మని కొట్టం దగ్గరికి పరిగెత్తించాడు. కిందవీధివాళ్లకు కనిపించింది వేరు. తమ రెడ్డి నోరు తెరవగానే పైవీధివాళ్లు కరెంటు పీకారు, పీకినవాడు వాళ్ల కొట్టంలోకే పారిపోతున్నాడు. నాటుబాంబులు ఎవరి సంచుల్లోంచి వచ్చాయో తెలియదు. మోషే కొట్టం గుమ్మం దాకా కూడా చేరలేదు. పొగ తగ్గాక చూస్తే వాడి పిడికిట్లో తీగ అట్లాగే ఉంది.

ఎలక్షన్లయ్యాక ట్యాంకు వచ్చింది, గెలిచిన పైవీధిలో. ఆ నీళ్లు పట్టుకుంటే పైవీధి పార్టీలో చేరినట్టే, ఇక కిందవీధిలో కూలికి పిలవరు. అందుకని మా కాలనీకి ఆ బోరే గతి. నా బిడ్డ కాళ్లు చక్కబడలేదు. మా ఆయన రిటైరయ్యేదాకా మళ్లీ ఫ్యూజు పాఠం చెప్పలేదు. అది వచ్చిన రోజు మీరే చదువుకోండని బయటికి వెళ్లిపోయేవాడట. మోషే పోయినందుకు నేను ఆయన్ని ఏమీ అనలేదు. కోపం లేక కాదు.

ఇప్పుడు ప్రేమ సెల్లులో అట్లాంటి ఉపన్యాసాలే చూస్తుంది, అచ్చం వాళ్ల నాయన పోలికే. మొన్న ఒకటి చూసి, ముఖం వెలిగిపోతుంటే గోడ పట్టుకుని లేచి వచ్చింది. జనమంతా కలిస్తే ఊరి నీళ్లను ఊరే బాగుచేసుకోవచ్చని ఎవరో అమ్మాయి శానా బాగా చెప్పిందట.

“చర్చిలో అందరికీ చూపిద్దామా నాయనా?”

ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

“సెల్లులోనే చూసుకో తల్లీ. సౌండు తగ్గించుకోని చూసుకో.”

ప్రేమ సౌండు తగ్గించింది. నేను బిందె తీసుకుని బోరు దగ్గరికి పోయాను.