ఆఖరి కాగితం లేని అభిమన్యుడు

గురునాథరావు పోయి ఎన్నేళ్ళయిందో వరహాలుకి గుర్తులేదు గాని, వాడి మీద కోపం మాత్రం ఇంకా పోలేదు. జాలరిపేట ఇసుకలో కాళ్ళు చాపుకుని, చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి, కన్నం తర్వాత కన్నం ముడేస్తూ ఆ పొద్దున కూడా వాణ్ణే తిట్టుకున్నాడు.

"ఆఖరి కాగితం పోగొడతాడా, దొంగెదవ!"

పక్కన చేపల తట్ట సర్దుకుంటున్న పెళ్ళాం చిట్టమ్మ నవ్వింది. "సచ్చినోడిని ఇంకెన్నాళ్ళు తిడతావు? ఆ లోకంలో పొలమారి పొలమారి ఆడు మళ్ళా సస్తాడు."

పూర్ణా మార్కెట్ దగ్గర ఉండేది గురునాథరావు పాత పుస్తకాల బడ్డీ. బట్టలారేసినట్టు తాడు మీద పురాణాల బొమ్మల పుస్తకాలు వేలాడేసేవాడు. నీలం కృష్ణుడు, పదితలల రావణుడు, చేపగా మారిన విష్ణువు గాలికి ఊగేవాళ్ళు. అద్దెకిచ్చే ముందు ఆఖరి కాగితం చింపి రేకు డబ్బాలో పెట్టుకునేవాడు. పుస్తకం తిరిగి తెస్తేనే ముగింపు చూపించేవాడు. లేకపోతే పేట పిల్లలు ఎత్తుకుపోతారని వాడి భయం. తండ్రి సముద్రంలో పోయాక నాలుగో తరగతిలో ఆగిపోయిన వరహాలు చదువు, ఆ బొమ్మల నోటి దగ్గరి మాటలు కూడబలుక్కుంటూనే కాస్త ముందుకు నడిచింది. చిట్టమ్మ అన్న అప్పలరాజుకి అక్షరం ముక్క రాదు. పక్కన కూచుని బొమ్మలు చూస్తూ వినేవాడు.

అభిమన్యుడి పుస్తకం తిరిగిచ్చిన రోజు మాత్రం గురునాథరావు డబ్బా అంతా కెలికి, "దాంట్లో పకోడీలు కట్టీసినట్టున్నాను, పోరా" అన్నాడు. అక్కడ పడవ దగ్గర అప్పలరాజు ఎదురుచూస్తున్నాడు. ఉత్త చేతులతో వెళ్ళబుద్ధి కాలేదు వరహాలుకి.

"వల సిరిగిన కాడ సేప దూరినట్టు దూరి, బయటికొచ్చీసినాడు బావ!" అని తనే ముగింపు అల్లి చెప్పాడు.

అప్పలరాజు ఇసుకలో పల్టీలు కొట్టాడు.

కొన్నాళ్ళకి ఇద్దరూ కలిసి సినిమా చూశారు. అందులో అభిమన్యుడు చచ్చిపోయాడు. దారంతా అప్పలరాజు రాళ్ళు తన్నుకుంటూ నడిచాడు. పేట మలుపులో ఆగి, "ఈ సినిమావోళ్ళకేటి తెల్సు బావ? ఆళ్ళు మన పుస్తకం సూళ్ళేదు" అన్నాడు. పెద్దయ్యాక కొన్న పడవకి అభిమన్యుడి పేరే రాయించాడు. వద్దన్నవాళ్ళతో, లోపలికి వెళ్ళినవాడు తిరిగొచ్చే పేరది అని పోట్లాడాడు.

ఆ అప్పలరాజు ఇప్పుడు ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడు. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశారు. కూతురు అనూరాధ పుస్తకాల ఎగ్జిబిషన్‌లో భారతం కొత్త బొమ్మల పుస్తకం, ఇటుకంత మందంది, కొనుక్కొచ్చింది.

"నాను సదూతానంటే వద్దంటన్నాడు మావయ్యా. నువ్వే సదవాలట."

మధ్యాహ్నం వల పక్కన పడేసి అప్పలరాజు ఇంటికి వెళ్ళాడు వరహాలు. గుమ్మంలోనే పుస్తకం తిప్పి అభిమన్యుడి కథ ముగిసే చోటు చూశాడు. విరిగిన రథచక్రం, నెత్తురు, నేల మీద కుర్రాడు. ఒక్క కాగితమైనా చిరగలేదే అని దిగులుపడటం వాడి జన్మలో అదే మొదటిసారి. పోయేవాడికి ఇదెలా చదవడం? అబద్ధం చెబుదామంటే బొమ్మలు ఎదురుగా ఉన్నాయి. అప్పలరాజు కళ్ళు ఇంకా పదునుగానే ఉన్నాయి.

చదవడం మొదలుపెట్టాడు. రెండు పేజీల నిండా పద్మవ్యూహం. రథం లోపలికి దూసుకుపోయింది. వరహాలు గొంతు తగ్గింది. తర్వాతి కాగితం తిప్పబోతే ఎముకల చెయ్యి అడ్డం వచ్చింది.

"సాల్లే బావ. అక్కడాపీ."

"ఇంకా ఉంది కదేటి?"

"మిగిల్నది మన పుస్తకంలో సదివీసినాం కదా." దగ్గు తెర ఆగేదాకా కళ్ళు మూసుకున్నాడు. "ఏదీ, ఎలాగొచ్చీసినాడు ఆడు?"

"వల సిరిగిన కాడ... సేప దూరినట్టు..."

"నువ్వు ముడేసిన వలైతే ఆడు రాలేకపోయేవోడు!" అని అప్పలరాజు చప్పుడు లేకుండా నవ్వాడు. కూతురికి తెలియకుండా తలగడ కింద దాచుకున్న బీడీ తీసి, పేజీల మధ్య పెట్టాడు. "గుర్తుకుండనీ. సాయంత్రం భీముడిది సదువుదువు."

సాయంత్రం చిట్టమ్మ తట్ట దించకముందే అనూరాధ ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. వరహాలు వెళ్ళేసరికి అప్పలరాజుని మంచం మీంచి దించి చాప మీద పడుకోబెట్టారు. జనం మధ్య నిలబడలేక గోడవారకి జరిగాడు.

గూట్లో మూసిన పుస్తకం. దాని అంచున, వెలిగించని బీడీ కొస, ఎర్ర దారం చుట్టినది.