రేడియోలో ఈగ

రేడియో ముఖం మారకూడదు. అయిదు మీటలూ నొక్కితే లోపలికి పోవాలి, ముల్లు కదలాలి.
పాట మాత్రం ఈ కాలం పాటలా వినిపించాలి.
స్పీకర్లు కనిపించకూడదు.
వైర్లు అసలే కనిపించకూడదు.
ఫోన్లో పాటలు రావాలి. ఫోను ఎక్కడ పెట్టుకోవాలని నన్ను అడగొద్దు.
బండికి ఎక్కడా కొత్త చిల్లు పడకూడదు. సూది మొనంత కూడా.
బండిలో కూర్చుని ఎవరూ ఏమీ తినకూడదు.
శనివారం పదింటికి తనిఖీ.

పన్ను పీకాక చేతిలో పెట్టే జాగ్రత్తల కాగితంలా ఉందంటే ఉండదూ మరి, రాసినాయన పళ్ల డాక్టరు. రాసింది కూడా ఆ జాగ్రత్తల కాగితం వెనకే. దాన్ని తెచ్చి, టైర్ల దుకాణానికీ అద్దాల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉన్న ఆ చిన్న షెడ్డులో, బండ్లకు వైరింగు పని చేసే మేస్త్రికి ఇచ్చాడు. మేస్త్రి దాన్ని అలాగే కూతురికి అందించాడు.

ఆ ఇంట్లో ఆమెకు ముందు కాలేజీ గుమ్మం తొక్కినవాళ్లు లేరు. ఎలక్ట్రానిక్సులో ఇంజనీరింగు ప్యాసైన రోజు నుంచి వీధి వీధంతా ఆమెను ఇంజనీరమ్మ అనే పిలుస్తోంది. ఒక పెద్ద కంపెనీ నుంచి ఉద్యోగం ఉత్తరం వచ్చి వారమైంది. తనిఖీ తర్వాతి సోమవారం చేరాలి. ఆమెకేమో షెడ్డులోనే ఉండిపోవాలని ఉంది. ఆ మాట ఎత్తితే చాలు, మేస్త్రి ముఖం మాడ్చుకునేవాడు.

"డాష్‌బోర్డుల కింద తలకిందులుగా పడుకోవడానికా తల్లీ నిన్ను చదివించింది? ఆ పనికి నేనున్నాగా, చదువు రానివాణ్ణి."

"నాకు ఈ పనే ఇష్టం నాన్నా."

"ఇష్టం నడుం నొప్పికి ముందు ఉంటుంది."

వారం రోజులు వాదించుకుని ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. డాక్టరు బండి మొత్తం ఆమే చెయ్యాలి. మేస్త్రి చెయ్యి పెట్టడు. తనిఖీలో నెగ్గితే షెడ్డులోనే ఉండొచ్చు. లేదంటే సోమవారం పొద్దున్నే మెళ్లో కార్డు వేసుకుని ఆఫీసుకు బయల్దేరాలి.

బండి సామాన్యమైనది కాదు. యాభై ఏళ్లు దాటిన ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఎక్కడమంటే కూర్చోవడం కాదు, దిగబడటం. పాత కార్ల సంఘం వాళ్లు అలాంటి బండ్లను పరీక్షించి "అసలు రూపు" అని ఒక పత్రం ఇస్తారు. వాళ్ల రూలు ఒక్క ముక్కలో ఉంది: సీట్లో కూర్చున్నవాడికి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండికీ దీనికీ తేడా తెలియకూడదు. లోపల ఏం మార్చుకున్నా వాళ్లకు పట్టదు.

ఇంజనీరమ్మ ఆ వారం సోమవారమే డాష్‌బోర్డు కింద దూరింది. వెనక నట్లు కనిపించక అవస్థ పడుతుంటే డాక్టరు తన ఆసుపత్రి నుంచి, నోట్లో పెట్టి చూసే బుల్లి అద్దం తెచ్చిచ్చాడు. అద్దం తిప్పినప్పుడల్లా ఆమె నోట "కొంచెం పెద్దగా తెరవండి" అని రాబోయి ఆగిపోయేది. పాత రేడియో పేగులన్నీ తీసి బిస్కెట్ల డబ్బాలో చీటీలు అంటించి దాచింది. ముఖం, మీటలు, ముల్లు అలాగే ఉంచి లోపల కొత్త సరుకు కూర్చింది. గుండ్రటి మీట తిప్పితే పాత రేడియోలాగా మధ్య స్పీకర్లోంచి స్టేషను, అదే మీటను లోపలికి నొక్కితే ఫోన్లో పాట. కాళ్ల దగ్గర పక్క గోడలకు ఉన్న గుడ్డ వెనక రెండు స్పీకర్లు, దబదబల కోసం ఒకటి స్టెప్నీ గుంటలో, ఆంప్లిఫయరు సీటు కింద. వైర్లకు పాత కాలం వాటిలాగే నూలు తొడుగు.

మేస్త్రి మాట మీద నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ తిరుగుతూ, చెప్పకుండా ఉండలేనప్పుడు గడ్డంతో చూపించేవాడు. మూడు రోజులకు మెడ పట్టేసింది.

ఇక మిగిలింది ఈగ. ఇంజను వేగం పెరిగేకొద్దీ పాత రేడియోల్లో జుయ్‌మని ఒక రొద లేస్తుంది. ఆ వీధిలో దానికి ఈగ అని పేరు. మేస్త్రి నలభై ఏళ్లుగా బండి బండికీ ఈగల్ని చంపుతూనే ఉన్నాడు. ఇంజనీరమ్మ రెండు రోజులు కూర్చుని, ప్లగ్గుల వైర్లు మార్చి, డైనమోకు ఫిల్టరు కట్టి, ఎర్తులన్నీ ఒక్కచోటికి తెచ్చి, ఈగను నామరూపాల్లేకుండా చేసింది. ఇంజను ఎంత రంకె వేసినా రేడియోలో వార్తలు చదివే మనిషి గొంతు తప్ప చీమ చిటుక్కుమనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు వచ్చి ఫోన్లో పాట పెట్టుకుని విని కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత రేడియో పెట్టుకుని ఒక చుట్టు తిరిగొస్తానని వెళ్లాడు. వచ్చేసరికి ముఖం వేలాడుతోంది, బానెట్లోంచి వేడి సెగ కొడుతోంది.

"ఏదో లేదు మేస్త్రీ."

"ఏం లేదు సార్?"

"అదే తెలియడం లేదయ్యా. పన్ను పీకాక నాలుక పదేపదే ఆ సందులోకే పోతుంది చూడు, అలా నా చెవి ఎక్కడికో పోతోంది. పైగా ఊరంతా రెండో గేర్లోనే తిరిగొచ్చాను."

మేస్త్రి బండి పక్కన నిలబడి, చెయ్యి పెట్టకుండా, చెవి మాత్రం పెట్టాడు. "ఈగ లేదు సార్."

డాక్టరు ముఖం వెలిగింది. "అదే. అది జుయ్‌మంటేనే కదా నేను గేరు మార్చేది."

"ఇంజను వేగం చూపించే ముల్లుంది కదండీ," అంది ఇంజనీరమ్మ.

"రోడ్డు చూడనా, ముల్లు చూడనా? అయినా రేపు తనిఖీ చేసే పెద్దాయనకు ఈ బండ్లు కొట్టిన పిండి. ఈగ లేని రేడియో అంటే నమ్ముతాడా? ఏం చేస్తావో చెయ్యమ్మా, దాన్ని మళ్లీ పెట్టు."

రెండు రోజులు చంపిన ఈగను సాయంత్రంలోగా బతికించాలి. ఫిల్టరు తీసేసింది. కొత్త ఆంప్లిఫయరు బయటి రొదను గడప దాటనివ్వలేదు. బలవంతాన రానిస్తే సన్నగా కీచుమంది.

"అది ఈగ కాదమ్మా, దోమ," అన్నాడు మేస్త్రి.

"మరి ఈగ ఎలా ఉంటుంది నాన్నా? సరిగ్గా చెప్పు."

"చెప్పేదేముంది. మొదట ముక్కులోంచి వస్తుంది." అని, మూతి సాగదీసి అనేశాడు. జుయ్‌య్‌య్. అచ్చం అదే. ఇంజనీరమ్మ ఒక్క క్షణం తండ్రిని చూసి ఫోను తీసింది.

"సీట్లో కూర్చో నాన్నా."

షట్టరు సగం దించి, రోడ్డు చప్పుడు రాకుండా బండి మీద దుప్పటి కప్పారు. టైర్ల దుకాణం ఆయన పానా అడగడానికి వంగి లోపలికొచ్చేసరికి, దుప్పటి కింద మేస్త్రి ముక్కుతో మూలుగుతున్నాడు. కూతురు ఫోను ఆయన మూతి దగ్గర పెట్టి తల ఊపుతోంది.

"ఇంకొంచెం పైకి నాన్నా. ఇంజను నిమిషానికి రెండు వేల అయిదొందల చుట్లు. ఆఁ, ఇప్పుడు మూడు వేలు."

మూడు వేల దగ్గర మేస్త్రికి దుప్పటి దుమ్ముకు దగ్గొచ్చింది. టైర్ల దుకాణం ఆయన "ఒంట్లో బాగానే ఉందా?" అని మెల్లగా అడిగి, జవాబు కోసం ఆగకుండా, పానా సంగతి కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

ఆమె ఆ గొంతును ఒక చిన్న బోర్డులోకి ఎక్కించి, ఇంజను వేగం చూపే ముల్లు దగ్గర్నుంచి వైరు లాగి దానికి కలిపింది. ఇంజను లేస్తే ఈగ లేస్తుంది, దిగితే దిగుతుంది. దగ్గును కోసేద్దామని చూసింది. కోస్తే అక్కడ ఈగ తెగిపోతోంది. ఉంచేసింది.

శనివారం తనిఖీ పెద్దాయన సంఘం ఆవరణలో నూలు చేతొడుగులు, టార్చిలైటు, భూతద్దంతో సిద్ధంగా ఉన్నాడు. సీటు వాసన చూశాడు. కాళ్ల దగ్గరి గుడ్డను వేలితో మీటాడు. అయిదు మీటలూ వరసగా నొక్కాడు. పక్క సీట్లో దిగబడి, రేడియో తిప్పి, డాక్టర్ని ఆక్సిలరేటరు తొక్కమన్నాడు.

ఈగ లేచింది. వెయ్యి, రెండు వేలు. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. మూడు వేల దగ్గర సన్నగా ఒక దగ్గు.

"అది కూడా ఉంది," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "ఈ మోడల్లో డైనమో కొద్దిగా అరిగితే సరిగ్గా ఇక్కడే పట్టేస్తుంది. ఇలాంటిది ఎవరూ తయారుచేసి పెట్టలేరు డాక్టరు గారూ. ఇది బండికి పుట్టుకతో రావాలి."

సంతకం పెట్టడానికి కలం తీశాడు. బండి పక్కనే నిలబడ్డ ఇంజనీరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. నోరు మూసుకుంటే చాలు, షెడ్డు ఆమెదే. కానీ ఆ పొగడ్త ఆమెది కాదు, డైనమోది అసలే కాదు.

"సార్, అది డైనమో కాదండి. మా నాన్న."

డాక్టరు నుదురు స్టీరింగు మీద వాల్చేశాడు. హారను మోగింది.

"ఎవరూ?" అన్నాడు పెద్దాయన.

"మా నాన్నేనండి. నోటితో అన్నాడు. నేను రికార్డు చేశాను. అసలు ఈగను నేనే చంపేశాను."

పెద్దాయన కష్టపడి బండిలోంచి పైకి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ మేస్త్రి ఎదుటికి వెళ్లాడు. "ఏదీ, అనండి."

మేస్త్రి కూతురి వంక చూశాడు. పదిమంది బండ్ల యజమానులు చుట్టూ చేరారు. గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"రెండు వేలు," అన్నాడు పెద్దాయన చెవి ముందుకు పెట్టి. "మూడు... దగ్గేదీ?"

"దగ్గు నిన్నటిదండి. దుప్పట్లో దుమ్ము."

పెద్దాయన మళ్లీ రెండుసార్లు అనిపించుకున్నాడు, అది పరీక్ష కోసమో ముచ్చట కోసమో ఎవరికీ తెలియలేదు. తర్వాత డాక్టరు వైపు తిరిగాడు. "కూర్చున్నవాడికి తేడా తెలియకూడదన్నది రూలు. నాకు తెలియలేదు. ఈ అమ్మాయి చెబితే తెలిసింది. చెప్పకూడదని రూల్లో లేదు, చెబితే పత్రం ఇవ్వకూడదని కూడా లేదు." సంతకం పెట్టి, ప్రత్యేక విషయాలు అని ఉన్నచోట "ఈగ బాగుంది" అని రాశాడు.

స్కూటరు మీద వెనక్కి వస్తూ ఇంజనీరమ్మ మలుపు దగ్గర ఆగినప్పుడు అంది, "ఒప్పందం ప్రకారం నేను ఓడిపోయాను నాన్నా. నెగ్గింది నీ గొంతు."

"నేను చెయ్యి పెట్టలేదే."

"నోరు పెట్టావుగా."

మేస్త్రి బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"నలభై ఏళ్లమ్మా. ఒక్క ఈగను కూడా నేను పూర్తిగా చంపలేదు. తగ్గించి పంపేవాణ్ణి. 'ఇప్పుడు పర్లేదు మేస్త్రీ' అనేవాళ్లు. పర్లేదు అంటే ఇంకా ఉందనే కదా. మొన్న గురువారం నువ్వు రేడియో పెట్టి ఇంజను తొక్కావు చూడు, నేను నా చెవులే పోయాయనుకున్నా. అద్దాల దుకాణం దాకా వెళ్లి, అక్కడి చప్పుళ్లు వినపడుతున్నాయో లేదో చూసుకుని వచ్చా."

ఆమె ఆయన చొక్కా వీపు మీది దుమ్ము దులిపింది.

"ఆ కంపెనీ వాళ్లకు జవాబు రాసెయ్. మర్యాదగా రాయి. చదువుకున్నదానివి, తప్పుల్లేకుండా రాయి." స్కూటరు స్టార్టు చేసి, మళ్లీ ఆపాడు. "నడుం నొప్పి సంగతి మాత్రం నేను ముందే చెప్పాను. తర్వాత నన్ననొద్దు."

ఇది చదివినవాళ్లకు ఒక్క మనవి. మీరెక్కే బండి ఏదైనా సరే, పాట శుభ్రంగా వినిపిస్తూ, మధ్యలో ఏ రొదా లేకపోతే, దాని డాష్‌బోర్డు కింద ఎవరో ఒకరు వెల్లకిలా పడుకుని, కళ్లల్లో దుమ్ము పడుతున్నా చెవి మాత్రం ఒగ్గి ఉంచారని గుర్తుంచుకోండి. ఆ మనిషి పేరు మీకు తెలియదు. అయినా ఆ మేస్త్రిని ఒకసారి తలుచుకోండి.